అన్నదానమునకు ఆవలి ప్రశ్న

పుట్టినరోజునాడో, పెద్దల తిథినాడో, మ్రొక్కు తీరిననాడో ఒక పూట అన్నదానము చేయుట తిరుపతి, చిత్తూరు ప్రాంతముల కుటుంబములకు చిరకాలపు అలవాటు. కొందరు ఆ పూట భోజనమును అనాథాశ్రమమునకు ఇత్తురు, కొందరు వృద్ధాశ్రమమునకు, మరికొందరు బుద్ధిమాంద్యము గలవారిని ఉంచుకొని పోషించు గృహమునకు. దాత కుటుంబసమేతముగా వచ్చును. గృహవాసులు వరుసగా కూర్చుందురు. దాత బిడ్డ తన చేతితో లడ్డు వడ్డించును. ఛాయాచిత్రము తీయుదురు. ‘అందరు శుభ్రముగా ఉన్నారు, కడుపునిండ తినుచున్నారు, నిర్వాహకులు పుణ్యాత్ములు’ అనుకొని సంతృప్తితో ఇంటికి మరలుదురు. ఆ సంతృప్తి అబద్ధము కాదు. ఆ అన్నము వ్యర్థమును కాదు. కాని దాత వెడలిపోయిన పిమ్మట ఆ గృహమున మిగిలిన 23 గంటలు ఎట్లు గడచుచున్నవి అను ప్రశ్న మాత్రము వాకిటనే నిలిచిపోవును.

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. దేశ రాజధానిలో రోహిణి ప్రాంతమున ఢిల్లీ ప్రభుత్వము నడుపు ‘ఆశాకిరణ్’ అను గృహము బుద్ధిమాంద్యము గలవారి కొరకే ఏర్పడినది. 2024 జూలై నెల ఒక్కదానిలోనే అందు 14 మంది మరణించిరి. ఆ వార్త వెలువడగా, గృహము తన సామర్థ్యమును మించిన జనముతో క్రిక్కిరిసియున్న సంగతి లోకమునకు తెలిసినది. త్రాగునీటిని, మురుగు కాలువలను పరీక్షింపుమని, లోనివారి సంఖ్య తగ్గింపుమని అక్కడి హైకోర్టు ఆదేశింపవలసి వచ్చెను. అది ఏ మారుమూల గ్రామములోనో దాతల దయపై బ్రదుకు పాక కాదు. దానికి కట్టడము కలదు, ఉద్యోగులు కలరు, ప్రభుత్వ ధనము కలదు. అన్నియు ఉండియు ప్రాణములు నిలువలేదు. ఆ గృహమునకు సంబంధించి అంతకు చాలకాలము ముందే మొదలైన వ్యాజ్యముపై 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రాష్ట్ర ప్రభుత్వములు నడుపు ఇట్టి గృహములను దేశమంతట పరిశీలించి నివేదిక ఇయ్యవలసినదిగా 8 జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములను నియోగించినది. పరిశీలన జరుగుట మంచిదే. అయితే ఆ ఉత్తరువు ప్రభుత్వ గృహములను గూర్చినది. స్వచ్ఛంద సంస్థలు, దాతలు, ధర్మబుద్ధి గల వ్యక్తులు నడుపు గృహములను చూచుటకు ఎవరు వత్తురు? తిరుపతి వంటి పుణ్యక్షేత్రమున ఆలోచింపవలసిన విషయమిది.

మొదట ఒక మాట తేటపడవలెను. వెఱ్ఱి, పిచ్చి, తిక్క, మందమతి అను మాటలను లోకము ఒకే గంపలో వేయును. పిచ్చి అని జనులు చెప్పు మనోవ్యాధి వేరు, బుద్ధిమాంద్యము వేరు. మనోవ్యాధి ఏ వయస్సుననైనను రావచ్చును, మందులతో తగ్గవచ్చును. బుద్ధిమాంద్యము బాల్యమునందే కనబడును. మాట ఆలస్యముగా వచ్చుట, లెక్క తెలియకుండుట, కొత్త పని నేర్చుటకు పెక్కుమారులు అభ్యాసము కావలసివచ్చుట దాని లక్షణములు. పుట్టుక వేళ ప్రాణవాయువు అందకపోవుట, క్రోమోజోములలో తేడా, శైశవమున వచ్చిన మెదడువాపు, గర్భవతి ఆహారమున అయోడిన్ లోపము మొదలైనవి దీనికి కారణములు. దగ్గరి మేనరికములు కొన్ని వంశపారంపర్య కారణములకు బలమిచ్చును. శాపము గాని, పూర్వజన్మ పాపము గాని వైద్యశాస్త్రము చెప్పు కారణములలో లేవు. దీనిని మందు మాన్పదు. కాని చదువు, అభ్యాసము, ఓర్పు చాల దూరము నడిపింపగలవు.

చట్టము సయితము ఈ భేదమును గ్రహించుటకు చాలకాలము పట్టినది. 1912 నాటి ఉన్మాదుల చట్టము ఇరువురిని ఒకే నిర్వచనమున చేర్చినది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము బుద్ధిమాంద్యమును మనోవ్యాధినుండి వేరుచేసినది. 1995 నాటి వికలాంగుల చట్టము దానిని వైకల్యములలో ఒకటిగా గుర్తించినది. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చినది. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహువైకల్యములు గలవారి కొరకు పుట్టిన ఆ చట్టము తన ఆశయములలో ఒకటిగా తల్లిదండ్రులు మరణించినచో బిడ్డకు రక్షణ కల్పించుటను చెప్పుకొన్నది. 2017 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వైకల్యముల సంఖ్యను 7 నుండి 21కి పెంచినది. దయ అను మాటకు బదులు హక్కు అను మాటను ముందు నిలిపినది. ఈ నూరేండ్ల ప్రయాణములో లోకము నేర్చినది ఇంతియే: వీరు కట్టివేయవలసినవారు కారు, దాచవలసినవారు కారు, తమతమ శక్తి మేరకు బ్రదుకవలసిన మనుష్యులు.

2011 జనాభా లెక్కలలో దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షల మంది. అందు బుద్ధిమాంద్యము గలవారు సుమారు 15 లక్షలు. వీరిలో అత్యధికులు గృహములలో కాక తల్లిదండ్రుల చెంతనే ఉన్నారు. చిత్తూరు మండలములలో ఏ పల్లెకు పోయినను ఇట్టి ఇల్లు ఒకటి రెండు కనబడక మానవు. తల్లి మామిడితోటకో, పాలకేంద్రమునకో, కూలికో పోవలెను. బిడ్డ శరీరము పెరిగినది, బుద్ధి పెరుగలేదు. వాకిలి తెరచి పోయినచో రోడ్డుమీదకు పోవును. మూసి పోయినచో లోన ఏడ్చును. చుట్టుప్రక్కలవారు జాలిపడుదురు గాని ఒక పూట చూచుకొనువారు అరుదు. ఆ తల్లికి నిర్దయురాలను నింద వేయుట సులభము. ఆమె స్థానమున ఒక్క దినము నిలుచుట కష్టము.

బిడ్డ పిన్నవాడుగా ఉన్నంతకాలము కొంత ఆసరా కలదు. మండలములలో ‘భవిత’ కేంద్రములు ఉన్నవి. ఉపాధ్యాయులకు వాని సంగతి తెలియును. 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితముగా చదువు చెప్పవలెనని చట్టము ఆజ్ఞాపించుచున్నది. సికిందరాబాదులో 1984లో వెలసిన జాతీయ సంస్థ ఇట్టి పిల్లలకు చెప్పదగిన పాఠములను, ఉపాధ్యాయులకు ఇయ్యవలసిన శిక్షణను రూపొందించుచు వచ్చినది. చిత్తూరునకు ఆనుకొనియున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వారి ‘నంబిక్కై నిలయము’ మరియొక మార్గము చూపినది. అక్కడ బిడ్డను అప్పగించి వచ్చివేయుట కుదరదు. తల్లియో తండ్రియో కొన్ని వారములపాటు బిడ్డతో ఉండి, ఎట్లు నేర్పవలెనో తాము నేర్చుకొని ఇంటికి మరలవలెను. ఎంత చక్కని ఏర్పాటు! కాని బిడ్డకు 18 ఏండ్లు నిండగానే బడి వాకిలి మూతపడును. అప్పటికి తల్లికి నడుమువంగును. ‘నా తరువాత వీనికి ఎవరు?’ అను ప్రశ్న ఆమె నిద్రను హరించును. ఆ ప్రశ్నకు సమాధానముగా పుట్టినవే ఈ గృహములు. కనుక వాని అవసరమును కాదనువారు వాస్తవమును ఎరుగనివారు. ఉండవలెనా, వలదా అనునది అసలు తగవు కాదు. ఎట్లుండవలెను, దానిని ఎవరు చూడవలెను అనునదే తగవు.

తిరుపతిలో కాళ్లు వంకరపోయినవారికి శస్త్రచికిత్స చేయు ‘బర్డ్’ ఆసుపత్రి కలదు. బధిర బాలురకు పాఠశాల కలదు. చికిత్స ఫలించినదో లేదో రోగి నడక చెప్పును. చదువు ఫలించినదో లేదో విద్యార్థి వ్రాత చెప్పును. బుద్ధిమాంద్యము గలవారి గృహమున ఆదరణ ఫలించినదో లేదో ఎవరు చెప్పవలెను? లోనున్నవారిలో అనేకులు చెప్పలేరు. చెప్పినను విని నమ్మువారు తక్కువ. తల్లిదండ్రులు చెప్పుటకు జంకుదురు; మాట పెరిగినచో బిడ్డను తీసికొనిపొమ్మందురేమో అను భయము వారికి కలదు. ఇట్టి స్థితిలో అన్నము, గోడకు వేసిన సున్నము, దాతల పేర్లు చెక్కిన రాళ్లు కొలబద్దలైపోయినవి. కనబడునది గనుక కొలుచుచున్నారు, కొలువవలసినది కనబడదు.

కనబడనిదానిని కొలుచుట అసాధ్యమేమి కాదు. 1958లో ఇంగ్లండులో జాక్ టిజార్డ్ అను శాస్త్రవేత్త ఒక ప్రయోగము చేసెను. లండనులోని ఫౌంటెన్ అను పెద్ద ఆసుపత్రిలో తీవ్రమైన బుద్ధిమాంద్యము గల పిల్లలు వందలకొలది ఉండెడివారు. వారినుండి 16 మందిని బ్రూక్‌లాండ్స్ అను ఒక పల్లెటూరి ఇంటికి చేర్చెను. వారికి సరియగు మరి 16 మంది ఆసుపత్రిలోనే ఉండిరి. ఇంటికి చేరిన పిల్లలను చిన్న చిన్న జట్లుగా విభజించి, జట్టునకు ఒకే పెద్ద దిక్కును నియమించిరి. ఆటలు, కథలు, మాటలు, తోటలో తిరుగుట – మామూలు ఇంటిలో పసిపిల్లలకు ఏవి దొరకునో అవియే. రెండేండ్ల పిమ్మట చూడగా, ఆసుపత్రిలో మిగిలిన పిల్లలకంటె వీరికి మాటలాడు శక్తి ఎక్కువగా పెరిగినది. భయము, మొండితనము తగ్గినవి. కొత్త మందు ఏదియు ఈయలేదు. మనుష్యులు తగ్గిరి, మాట పెరిగినది, అంతియే. తీవ్రమైన బుద్ధిమాంద్యము గలవాని దుఃస్థితిలో ఎంత పాలు వాని మెదడుది, ఎంత పాలు వానిని ఉంచిన తావుది అను విచారమునకు ఆ ప్రయోగము బలమైన ఆధారమైనది.

కనుక ఒక గృహమును చూడబోవువారు వంటశాలతోపాటు వేరు సంగతులను చూడవలెను. అవి చిన్నవి, అడుగుట తేలిక. ప్రతివానికి తన దువ్వెన, తన పండ్ల కుంచె, తన బట్టల పెట్టె ఉన్నవా, లేక ఉతికిన కుప్పనుండి చేతికి వచ్చినది తొడిగించుచున్నారా? ఆడపిల్లల తలలు పేలభయముచేత గొరిగించినారా, లేక దువ్వుటకు మనిషి చాలక గొరిగించినారా? రాత్రి భోజనము ఆకలి వేళకు పెట్టుచున్నారా, లేక ఆయాలు ఇంటికి పోవు వేళకు అనుగుణముగా సాయంత్రము 5 గంటలకే ముగించుచున్నారా? స్నానపు గదికి తలుపు కలదా? రాత్రి ఎందరికి ఒక కావలి? పిలుచునప్పుడు పేరుతో పిలుతురా, ‘ఏయ్’ అందురా? ఉదయమునుండి సాయంత్రము వరకు వారు చేయునదేమి? గోడకానుకొని కూర్చుండి ముందు వెనుకలకు ఊగుచున్నవారు ఎందరు? ఆ ఊగుట అన్నియెడల జబ్బు లక్షణము కాదు. చేయుటకు పనిలేని శరీరము తనకు తాను కల్పించుకొన్న పనియు కావచ్చును.

ఆరోగ్యము సంగతి మరింత సూక్ష్మమైనది. వీరిలో చాలమందికి మూర్ఛ ఉండును. డౌన్ సిండ్రోమ్ గలవారిలో గుండె లోపములు, థైరాయిడ్ లోపములు తరచు కానవచ్చును. మూర్ఛ ఏనాడు వచ్చినది, ఎంతసేపు ఉన్నది, ఏ మందు ఇచ్చిరి అను లెక్క వ్రాసియుంచు పుస్తకము ఉన్నదా? మాట రానివాడు హఠాత్తుగా తల గోడకు కొట్టుకొనుచున్నచో ‘వాని తీరే అంత’ అని ఊరకుందురా, పన్నునొప్పియో చెవిపోటో అని వైద్యునికి చూపుదురా? అల్లరి తగ్గుటకు మందు వాడుచున్నచో అది వైద్యుడు రోగమునకు వ్రాసినదా, కావలివారి సుఖమునకు వ్రాయించుకొన్నదా? కట్టివేయని గృహమని చెప్పుకొనుట చాలదు. మత్తుమందు త్రాడుకంటె మెత్తనిదే కాని, కట్టు కట్టే.

వీనియన్నిటికి మూలమైనది మరియొకటి కలదు – వారి ఇష్టమును అడుగుట. ఇడ్లీ కావలెనా, ఉప్మా కావలెనా? నీలపు చొక్కాయా, ఎఱ్ఱదా? ఎవరి ప్రక్కన పడుకొందువు? ‘వారికేమి తెలియును?’ అను జవాబు తేలికగా వచ్చును. 2009లో సుప్రీంకోర్టు ముందునకు ఒక వ్యాజ్యము వచ్చినది. చండీగఢ్‌లో ప్రభుత్వ సంరక్షణలోనున్న, స్వల్ప బుద్ధిమాంద్యము గల ఒక యువతి ఆ ఆశ్రయములోనే అత్యాచారమునకు గురియై గర్భవతి అయ్యెను. ఆమె మేలు కోరియే గర్భస్రావము చేయింపవలెనని అధికారులు తలచిరి. ఆమె బిడ్డ కావలెనన్నది. ఆమె సమ్మతి లేక ఆ పని చేయరాదని, మనోవ్యాధికిని బుద్ధిమాంద్యమునకును చట్టము చూపు భేదమును ఆధారముగా చేసికొని న్యాయస్థానము తీర్పు చెప్పినది. అంతటి విషయమున ఆమె మాట చెల్లినప్పుడు, చొక్కా రంగు విషయమున ఏల చెల్లరాదు? అదే వ్యాజ్యము ఇంకొక కఠినసత్యమును బయటపెట్టినది. ఆపద బయటినుండి వచ్చినది కాదు. ఆశ్రయమిచ్చిన గోడల లోపలనే పొంచియుండినది.

ఉపాధ్యాయులు ఎరిగిన పంచతంత్ర కథాముఖము ఇక్కడ స్మరణీయము. మందబుద్ధులైన ముగ్గురు రాకుమారులను విష్ణుశర్మ ఆరు నెలలలో నీతికోవిదులను చేసెను. గురువు మహిమకు అది గొప్ప నిదర్శనము. కాని ఆరు నెలలైనను, ఆరేండ్లైనను ఆ ముగ్గురిలో ఒకడు అక్షరము నేర్వకయే ఉండినచో ఆ రాజగృహమున వాని స్థానమేమి? కథ ఆ మాట చెప్పదు. బడులు సయితము చెప్పవు. నేర్చినవానికే గౌరవమనుట విద్యాశాలకు సరిపోవునేమో గాని, ఇంటికి సరిపోదు. నేర్వనివాడు సయితము ఇంటివాడే. గృహమనిపించుకొనదలచిన సంస్థ మొదట గ్రహింపవలసినది ఇది.

ఇంత చెప్పి దోషమంతయు ఆయాల నెత్తిన వేయుట న్యాయము కాదు. రాత్రింబగళ్లు ఒడలు కడిగి, మలమూత్రములెత్తి, కొరికించుకొని, గిల్లించుకొని పనిచేయువారు చాలమంది పేద స్త్రీలు. వారి జీతము తక్కువ, సెలవు తక్కువ, శిక్షణ దాదాపు శూన్యము. ప్రత్యేకోపాధ్యాయులు 1992 నాటి చట్టము ప్రకారము పునరావాస మండలిలో నమోదు కావలెను. కాని నివాసి జీవితములో ఎక్కువ గంటలు గడపునది ఉపాధ్యాయుడు కాదు, ఆయా. ఆమెకు నేర్పువారెవరు? అలసిన చేయి కఠినమగును, ఆ కాఠిన్యము అలవాటగును, అలవాటు నియమమగును. ఆమె జీతము పెంచుట, ఆమెకు పని నేర్పుట, ఇరువురు చేయవలసిన పని ఒకరిచే చేయింపకుండుట – ఇవి ఉద్యోగుల కోరికలుగా మాత్రమే కనబడవచ్చును. నిజమునకు నివాసి రక్షణకు ఇవియే మొదటి మెట్లు.

పర్యవేక్షణ లేనిచోట ధనమును, కీర్తియు రక్షింపజాలవని పరదేశానుభవము చెప్పుచున్నది. ఇంగ్లండులో బ్రిస్టల్ సమీపమున వింటర్‌బోర్న్ వ్యూ అను ఆసుపత్రి, రోగి ఒక్కనికి ప్రభుత్వమునుండి భారీగా సొమ్ము తీసికొని నడచెడిది. అక్కడి సీనియర్ నర్సు ఒకరు తనిఖీ శాఖకు ముందే ఫిర్యాదు చేసిరి, శాఖ కదలలేదు. 2011లో బీబీసీ వారు రహస్యముగా చిత్రించి చూపినప్పుడు గాని అక్కడి హింస బయటపడలేదు. మరుసటి యేడు 11 మంది ఉద్యోగులకు శిక్షలు పడినవి. ఇక కీర్తి మాట. 1964లో ఫ్రాన్సులో జాన్ వానియే అను పుణ్యపురుషుడు బుద్ధిమాంద్యము గలవారితో కలిసి ఒకే ఇంటిలో కాపురముండు సంప్రదాయమును ఆరంభించెను. అది ‘లార్ష్’ అను పేర దేశదేశములకు వ్యాపించి, 1970లో బెంగుళూరునకు ‘ఆశానికేతన్’గా వచ్చినది. ఒకే పంక్తిని భోజనము, ఒకే కప్పు క్రింద నిదుర – ఆ సంప్రదాయము లోకమునకు చేసిన మేలు చిన్నది కాదు. ఆయన 2019లో మరణించెను. ఆయన తన ఆధ్యాత్మిక ప్రతిష్ఠను ఆసరా చేసికొని పలువురు స్త్రీలను లైంగికముగా వంచించినట్లు ఆ సంస్థయే విచారణ జరిపించి 2020లో ప్రకటించినది. ఆ తొలి విచారణలో తేలిన బాధితులలో బుద్ధిమాంద్యము గలవారు లేరు. అయినను పాఠము స్పష్టము. స్థాపకుని సాధుత్వము తనిఖీకి ప్రత్యామ్నాయము కాదు. తన సంస్థాపకుని దోషమును తానే విచారించి లోకమునకు చెప్పిన ఆ ధైర్యము మాత్రము ప్రతి ఆశ్రమమునకు ఆదర్శప్రాయము.

ఈ దేశమున తనిఖీకి చట్టము లేకపోలేదు. 2016 నాటి చట్టము ప్రకారము నమోదు పత్రము లేక ఎవరును వికలాంగుల గృహము నడుపరాదు. నియమములు తప్పినచో దానిని రద్దుచేయవచ్చును. హింసను ఎరిగిన ఎవరైనను కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. మంచి మనసుతో తెలిపినవారిని బాధ్యులను చేయరాదు. నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము జిల్లా అధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యము గల ఒక వ్యక్తి కలిసిన స్థానిక సంఘము సంరక్షకులను నియమింపవలెను; కర్తవ్యము తప్పిన సంరక్షకుని తొలగింపవచ్చును. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడినది గనుక పూర్వపు చిత్తూరు జిల్లా ప్రజలకు కలెక్టరు కచేరి మునుపటికంటె చేరువైనది. చేరువైన కచేరి తలుపును తట్టువారు కావలెను. నమోదు పత్రము గోడకు వ్రేలాడుచున్నదా అని చూచుటతో తనిఖీ ముగియరాదు. అధికారి చెప్పిన వేళకు కాక, చెప్పని వేళకు – తెల్లవారుజామున, రాత్రి భోజనము తరువాత – రావలెను.

ధనము లెక్కయు విప్పిచూడవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైనుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. నేషనల్ ట్రస్టు వారి ‘నిరామయ’ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యవ్యయమును భరించును. గృహవాసికి ఈ రెండును అందుచున్నవా? అందినచో ఆ పైకము ఎవరి చేతికి చేరుచున్నది, అందు నివాసి స్వంతమునకు ఎంత ఖర్చగుచున్నది? ఈ ప్రశ్నలు అవమానములు కావు. సత్యముగా నడుచు సంస్థకు లెక్క చూపుట గౌరవమే. దాతలపైననే ఆధారపడిన గృహము దాతను సంతోషపెట్టుటకు అలవాటుపడును. పుట్టినరోజుల పట్టీయే దాని దినచర్య యగును. ఒకే దినమున ముగ్గురు దాతలు మిఠాయి తెత్తురు. మరునాడు కూరలు కొనుటకు చేతిలో చిల్లర ఉండదు. మిఠాయి ఇచ్చు చేయియే ఒక ఆయా జీతమును, ఒక దంతవైద్యుని రాకను, ఒక మూర్ఛ మందు ఖర్చును ఏడాదిపాటు భరించినచో ఫలము ఎంత వేరుగా ఉండును!

ఇందుకు ఎదురుచెప్పువారు కలరు. ‘నిబంధనలు బిగించినచో చిన్న సంస్థలు మూతపడును, లోనివారు వీధిపాలగుదురు, ఉన్న ఆసరా ఊడగొట్టుట ఏమి ధర్మము?’ అందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఏర్పాటు చూపక గృహమును మూయించుట క్రూరత్వమే. అయితే నిబంధన అనగా పాలరాతి నేల కాదు. పేరుతో పిలుచుటకు ఖర్చు లేదు. ఎవరి బట్టలు వారికి ఇచ్చుటకు ఒక సూది, ఒక దారపుకండె చాలును. తలుపునకు గడియ పెట్టించుట పెద్ద వ్యయము కాదు. ఖర్చగునది మనుష్యులకు, అక్కడనే ప్రభుత్వము చేయూతనియ్యవలెను. వయస్సు వచ్చినవారు కలిసి బ్రదుకుటకు నేషనల్ ట్రస్టు ‘ఘరౌందా’ అను పథకమును ఏర్పరచినది. ఊరికి దూరముగా వందమందికి ఒక ప్రాకారము కట్టుటకంటె ఊరిలో పదిమందికి ఒక ఇల్లు చూచుట మేలని బ్రూక్‌లాండ్స్ నాటినుండి అనుభవము చెప్పుచునే ఉన్నది. ఊరిలో ఇల్లున్నచో పాలవాడు వచ్చును, ప్రక్కింటి అవ్వ తొంగిచూచును, అరుపు వినబడినచో ఎవరైనను తలుపు తట్టుదురు. ఏ తనిఖీ అధికారియు చేయలేని కావలి అది.

బడులును కళాశాలలును ఇక్కడనే ఉపకరింపగలవు. విద్యార్థులను ఏడాదికొకనాడు బస్సులో తీసికొనిపోయి పండ్లు పంచిపెట్టించుట వలన విద్యార్థికి జాలి కలుగును. గృహవాసికి ఒక పండు దొరకును. అదే విద్యార్థి నెలకు రెండుమారులు పోయి, ఒక్క నివాసితోనే స్నేహము చేసి, వాని పేరు, వాని పాట, వాని భయము తెలిసికొన్నచో ఇరువురు మారుదురు. క్రిందటి పక్షము నవ్వినవాడు ఈ పక్షము ఏల ముడుచుకొని కూర్చున్నాడో ఆ విద్యార్థి కనిపెట్టగలడు. వాని చేతిమీది కమిలిన గుర్తు గూర్చి అడుగగలడు. తరగతిలో ‘మొద్దు’ అని సాటివానిని పిలుచుటకు వాని నోరు వెనుదీయును. గృహమున నివాసుల తల్లిదండ్రులతో ఒక సంఘము ఏర్పడునట్లు ఉపాధ్యాయులు తోడ్పడవచ్చును. ఒంటరిగా జంకు తల్లి పదిమందితో కూడినప్పుడు నోరు విప్పును. వచ్చిపోవు మనుష్యులు గల గృహమున తప్పు దాగుట కష్టము. వాకిలి తెరచియుంచుటకు ఇష్టపడని గృహమునకు మాత్రము పండ్లు పంపుటకు ముందు ఏల అని అడుగవలెను.

తిరుమలపై 1985లో నిత్యాన్నదానము ఆరంభమైనది. నేడు కొండమీద వేలాది యాత్రికులు ప్రతిదినము భోజనము చేయు విశాలమైన భవనమునకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టియున్నారు. ఆమె తరిగొండ గ్రామములో పుట్టిన కవయిత్రి, భక్తురాలు. లోకపు తీరునకు లోబడక తన ధ్యానములో తాను ఉన్నందుకు ఊరివారు ఆమెను వెఱ్ఱిదన్నారని ఐతిహ్యము. ఆమెకు బుద్ధిమాంద్యము లేదు. ఊరి చూపునకే మాంద్యము ఉండినది. ఒకనాడు వెఱ్ఱిదనిపించుకొన్న ఆమె పేరనే నేడు లోకమునకు అన్నము పెట్టుచున్న సీమయిది. ఈ సీమలో అన్నము పెట్టు చేతులకు ఎన్నడును కొదవ లేదు. పెట్టిన తరువాత ఒక గడియ కూర్చుండి, ఎదుటివాని పేరడిగి, వాడు తడబడుచు చెప్పు జవాబు ముగియువరకు వేచియుండువారే ఇప్పుడు కావలెను.